తంతిలో రెండు మాటలు

సెత్సు మూట కడుతుంటే అత్తగారు మత్సుయో పక్కనే కూర్చుని విప్పుతోంది.

"మూడ్రోజులకి దూది కోటు ఏటికే?"

"కొండల్లో చలెక్కువ అత్తయ్యా."

"పుట్టి పెరిగింది ఆ చలిలోనే కదా. ఎప్పట్నుంచి సుకుమారం?"

కోటు వెనక్కి వెళ్లింది. మూట అడుగున చిన్న మేజోళ్లు బయటపడ్డాయి. ఐదేళ్ల కూతురు మినేవి. మత్సుయో వాటిని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"మంచాన పడ్డ మా అమ్మకి చివరి చూపు కదా అత్తయ్యా. మనవరాల్ని కూడా..."

"పిల్ల ఈ ఇంటిది. నువ్వెల్లి రా."

సెత్సు తలవంచింది. మంచులో ఒంటరిగా బస్సు దాకా నడిచి వెళ్లింది.

మత్సుయో భయం ఊరికే పుట్టింది కాదు. కొడుకు ఇసొకిచి రెండు శీతాకాలాల క్రితం కాడ్ చేపల వేటకని ఉత్తరానికి వెళ్లాడు. పడవ చెక్క ముక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. కొడుకు చెవులు, కొడుకు నవ్వు ఇప్పుడు మినే ఒక్కదాని ముఖం మీదే ఉన్నాయి. సెత్సుకి ఇరవై ఆరేళ్లు. అన్నగారు రెండుసార్లు ఉత్తరం రాశాడు, వచ్చెయ్యమని.

"నీ కోడలికి వాళ్లన్న ఓ రైతుని చూసి ఉంచాడంట," అంది పక్కింటి తొమి, చేపలు కోస్తూ. "ఇయ్యాల ఒక్కతే ఎల్లింది. రేపొచ్చి పిల్లని చంకనేసుకు పోద్ది. నీకు మిగిలేది ఇసొకిచి చేపల వల ఒక్కటే. దాంతో కబుర్లు చెప్పుకో."

"నోరు మూసుకుని చేపలు కొయ్యి," అంది మత్సుయో. కానీ ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగబడింది.

ఇంట్లో మినే, తల్లి వెళ్లిన పూట నుంచే ఆమె నీలం గిన్నెలో వేడన్నం పెట్టించి, మూత వేసి, ఆమె కూర్చునే చోట ఉంచుతోంది. దూరం వెళ్లినవాళ్లకి ఆ ఊళ్లో అలా పెడతారు. మూత తీస్తే లోపల చెమట బొట్లు ఉండాలి. ఉంటే మనిషి క్షేమం. మినే పూటపూటకీ మూత ఎత్తి చూసేది. "అమ్మ బాగుంది," అని చెప్పేది.

నాలుగో రోజు తంతి వచ్చింది. తపాలా మనిషి అందరికీ చదివినట్టే గుమ్మంలో నిలబడి గట్టిగా చదివాడు.

"అమ్మ చనిపోయింది. రాక ఆలస్యం. సెత్సు."

తంతిలో మాటలు పొదుపుగా వాడతారు. ఎవరి అమ్మో రాయలేదు. రాయనక్కర్లేదు, పెద్దవాళ్లకి తెలుస్తుంది. మినే మాత్రం మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోయింది.

"మూత కింద చెమట ఉంది కదా నాన్నమ్మా," అంది.

చచ్చిపోయింది మీ అమ్మ కాదే, అమ్మమ్మ అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట మత్సుయో నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ తొమి మాట అడ్డంగా ఉంది.

"చెమట అబద్ధం చెప్పిందే తల్లీ," అంది మత్సుయో.

శవం ఇల్లు దాటేటప్పుడు చనిపోయినవాళ్ల గిన్నె గడప రాయి మీద పగలగొడతారు, ఇక నీకిక్కడ అన్నం లేదు, తిరిగి రాకు అని. మర్నాడు పొద్దున్నే మత్సుయో ఆ నీలం గిన్నె మినే చేతికిచ్చింది.

"బయటికి తిరిగి నిలబడు. ఒక్క దెబ్బకే పగలాలి. ఏడవకూడదు."

ఒక్క దెబ్బకే పగిలింది. పిల్ల ఏడవలేదు.

"చచ్చినోళ్లు ఒకసారి పిల్లల కోసం వత్తారు," అని కూడా నేర్పింది మత్సుయో. "కాళ్లుండవు. అదే గుర్తు. ఉప్పు వెయ్యి, పోతారు."

పదో రోజు సెత్సు వచ్చింది. రాత్రంతా మంచు పడింది. దారి మూసుకుపోయి, ఆమె మోకాళ్ల దాకా దిగబడి నడుస్తోంది. కప్పుకున్న శాలువా తెల్లగా గడ్డకట్టింది.

"మినే. అమ్మొచ్చాను."

పిల్ల చేపల ఉప్పు పీపా దగ్గరికి పరిగెత్తింది. రెండు గుప్పిళ్లు తెచ్చి విసిరింది. ఉప్పు సెత్సు కళ్లలో పడింది.

"నాన్నమ్మా, కాళ్లు లేవు."

సెత్సు కళ్లు తుడుచుకుంది. గడప పక్క చూరు కింద తన నీలం గిన్నె పెంకులు కనిపించాయి. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది.

"నేను బతికే ఉన్నానని చెప్పండి అత్తయ్యా. మీరు చెబితే నమ్ముతుంది."

మత్సుయో మనవరాలి భుజం పట్టుకుంది. "పీపాలో ఇంకా ఉందే, తీసుకురా," అంది.

మూడోసారి విసిరేసరికి భయంతో పిల్ల పెదవులు నీలంగా మారాయి. పళ్లు గిట్టకరిచి పడిపోయింది. సెత్సు ముందుకు అడుగు వేసింది.

"గడప దాటితే దాని గుండె ఆగుద్ది. నీ ఇష్టం," అంది మత్సుయో. "వసంతంలో రా. ఈలోగా నేనే నెమ్మదిగా చెబుతాను."

సెత్సు పిల్ల పెదవుల వంక చూసింది. వెనక్కి తిరిగి, తన అడుగుల గుంటల్లోనే కాళ్లు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

వసంతంలో, రావచ్చా అని అడుగుతూ ఉత్తరాలు వచ్చాయి. మత్సుయో వాటిని పొయ్యిలో పెట్టింది. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. సంగతి ఊరందరికీ తెలుసు. ఒకరి గడప విషయం ఇంకొకరు ఎత్తకపోవడం అక్కడ మర్యాద. తొమి కూడా ఆ మర్యాద పాటించింది.

మినేకి పదిహేనేళ్లు నిండాయి. బడి పూర్తి చేసిన పిల్లలంతా టోక్యో కార్ఖానాలకు రైలెక్కుతున్నారు. మత్సుయో దగ్గర కూర్చుని మూట కట్టింది. ఈసారి ఏదీ బయటికి తీయలేదు. పెట్టెలోంచి దూది కోటు తెచ్చి తనే పైన పెట్టింది.

"ఎవరిది ఇది?"

"మీ అమ్మది. అక్కడ చలుంటుందేమో."

మినే సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఉద్యోగానికి కావాలంటే పురపాలక కార్యాలయం వాళ్లు ఇచ్చిన కుటుంబ నమోదు పత్రం, ఇంట్లో వాళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఎక్కేది. మత్సుయోకి వచ్చింది చిన్నపిల్లలకి మొదట నేర్పే తేలిక అక్షరాలే, అలాంటి పత్రాలు చదవలేదు. ఆ పత్రంలో ఏముంటుందో పదేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

"అమ్మ జనవరిలో కదా చచ్చిపోయింది?"

"ఊఁ."

"చచ్చిపోయిన మనిషికి ఆ తర్వాత మే నెలలో మళ్లీ పెళ్లెలా అయింది నాన్నమ్మా?"

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. మత్సుయో వాటిని దించలేదు.

"నువ్వెల్లిపోతావని భయమేసిందే."

"ఇప్పుడు వెళ్తున్నానుగా."

మినే కోటు మూటలో సర్దింది. వంటింట్లోకి వెళ్లి తన గిన్నె తెచ్చుకుంది. ఎర్ర పువ్వుల గిన్నె, చిన్నప్పట్నుంచీ తిన్నది. గడప దగ్గర బయటికి తిరిగి నిలబడింది. నేర్పినట్టే, ఒక్క దెబ్బకే పగిలింది. ఏడవలేదు.

ఆ సాయంత్రం మత్సుయో తన గిన్నెలోనే వేడన్నం పెట్టి, మూత వేసి, మినే కూర్చునే చోట ఉంచింది. కాసేపాగి మూత ఎత్తింది. లోపలంతా చెమట బొట్లే. వేడన్నం మీద మూత వేస్తే చెమట ఎప్పుడూ పడుతుంది. పదేళ్ల క్రితమూ పడింది.

1956 జనవరి 21 తర్వాత సెత్సు ఆ ఊరికి రాలేదు. 1966 మార్చి 19 తర్వాత మినే రాలేదు.