ఎర్ర పట్టీ

పొద్దుటి నుంచీ ఆమె గాలి తగ్గించమని దేవుడికి మొక్కుతూనే ఉంది. కాలువ అవతలి చివర తెరచాప పట్టుకుని, నీళ్ల మీద జారే బోర్డు ఎక్కబోతున్న భర్త, గాలి పెంచమని అదే దేవుడికి మొక్కుకుని ఉంటాడు. పాపం, ఆ దేవుడు మాత్రం ఎవరి మాటని వింటాడు?

సముద్రం పక్కన వేగం రికార్డుల కోసమే తవ్విన సన్నటి కాలువ అది. ఏడాదిలో ఇంత గాలి వీచేది ఏ ఒక్కరోజో.

"అక్కా, గోళ్లన్నీ తినేస్తే నీకు మధ్యాహ్నం ఆకలెయ్యదు" అన్నాడు, బోర్డు వదలడానికి పచ్చజెండా, ఆపడానికి ఎర్రజెండా ఊపే పనిలో ఉన్న తమ్ముడు.

ఆమె నవ్వలేదు. "మీ బావ జాకెట్టు వేసుకున్నారా?"

"వేసుకోకపోతే ఈ గాలికి బావ గాలిపటమే!"

మనిషిని గాలి ఎత్తెయ్యకుండా సీసం బిళ్లలు నింపిన జాకెట్టు అది.

"దాని రొమ్ము మీది ఎర్ర పట్టీ ఒక్క దారప్పోగుతో వేలాడుతూ కనిపించిందిరా. ఎవడు కుట్టాడో, దొంగకుట్టు. నిన్న నైలాన్ దారంతో బిగించి కుట్టాను."

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. "ఎర్రదా? అక్కా, అది ఊడటానికే అలా ఉంటుంది! నీళ్లలో పడ్డప్పుడు ఒక్క లాగు లాగితే బరువంతా జారిపోవాలి. లేకపోతే..."

అవతల తెరచాప లేచింది.

ఎర్రజెండా లాక్కుని ఆమె గట్టు వెంట పరుగెత్తింది. చెప్పు తెగింది. జెండా ఊపుతూనే ఉంది. తెరచాప దూసుకొస్తోంది. ఆ వేగంలో జెండా కనపడుతుందో లేదో! ఆఖరికి తెరచాప ఒరిగి, బోర్డు గట్టుకు కొట్టుకుని ఆగింది.

"మతి పోయిందా నీకు? ఈ గాలి మళ్లీ వస్తుందా?"

"ఆ పట్టీ లాగండి."

లాగాడు. రెండు చేతులా లాగాడు. రాలేదు. అతని పెదాలు పాలిపోయాయి. గట్టు మీద చతికిలబడ్డాడు.

గండం గడిచిందనుకుంది ఆమె. కాసేపటికి అతను తలెత్తి గాలి వైపు చూశాడు.

"కత్తెరుందా?"

సంచిలో ఉంది. లేదంటే సరిపోయేది. కానీ దేవుణ్ణి తలుచుకున్న నోటితో అబద్ధమెలా ఆడటం? తన కుట్లు తనే విప్పింది. పాత పోగు ఒక్కటే మిగిల్చింది.

"ఇంతేనా?" అన్నాడతను.

"అంతే ఉండాలి."

పచ్చజెండా లేచింది. ఈసారి ఆమె గాలి ఊసెత్తలేదు.

"ఊడే అవసరం రానీకు స్వామీ. వస్తే, ఊడనియ్యి."

తెరచాప గాలి నింపుకుంది.