సారు ఎందుకు లేచినట్టు?

నాలుగు కాళ్ల మీద తిరిగే మన పూర్వీకులు రెండు కాళ్ల మీదికి ఎందుకు లేచారో, రిటైరయ్యేదాకా ఆళ్లగడ్డ పిల్లలకు పాఠం చెప్పిన మనిషి మా ఆయన పాండురంగయ్య. ఆయనే ఇప్పుడు మంచం దిగడం లేదు.

నంద్యాలలో మోకాలి ఆపరేషన్ చేయించుకొని వచ్చారు. అక్కడ డాక్టరు మర్నాడే వాకర్ పట్టించి నడిపించాడు. ఇంటికొచ్చాక ఒకసారి కాలు తడబడింది, అంతే, మంచానికి అతుక్కుపోయారు. బాత్రూముకు కూడా నా భుజమే కావాలి. సోమవారం మళ్లీ చూపించుకోవాలి. అప్పటికి కాలు బిగుసుకుపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఆ మాట తలచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పైకి మాత్రం ఎగతాళి చేస్తూ తిరుగుతున్నాను. నేను ఏడిస్తే ఆయన ఇంకా ముడుచుకుంటారు.

సరే, ఆయన పాఠమే ఆయనకు అప్పజెబుదామనుకున్నాను. ఎత్తు గడ్డి మీదుగా దూరం చూడ్డానికి మనిషి లేచాడని కదా చెప్పేవారు? పక్కింటి హజీరా వచ్చి, వీధిలో శిల్పాల అంగళ్లవాళ్లిద్దరు కొట్లాడుకుంటున్నారని చెప్పింది. గోడ మీదుగా చూడాలంటే నిలబడాలి. ఈయన లేవలేదు సరికదా, ఎవరేమన్నారో చూసొచ్చి చెప్పమని నన్నే తోలారు. నిలబడితే వీపుకు ఎండ తక్కువ తగులుతుందని ఆయన పాఠంలో ఇంకో కారణం. హజీరా, నేనూ కలిసి మంచం ఎండలోకి లాగాం. మహానుభావుడు ముఖాన తువ్వాలు కప్పుకొని గుర్రుపెట్టారు. రెండు కాళ్ల నడకకు శక్తి తక్కువ ఖర్చవుతుందంటారు కదా అని గుర్తుచేస్తే, అసలు నడవకపోతే ఇంకా తక్కువని నాకే లెక్క చెప్పారు.

ఇక మిగిలింది తిండి. చేతుల నిండా తిండి మోసుకుపోవడానికి లేచాడని. పసిపిల్లలు అడుగులేస్తే అరిసెలు పంచుతాం కదా, ఈ ముసలి పసిబిడ్డకూ అవే గతి అనుకొని బియ్యం నానబోశాను. వంటింటిదాకా నడిచొస్తేనే అరిసె అని ఖచ్చితంగా చెప్పేశాను.

ఆదివారం పొద్దున పాకం పట్టి, మొదటి వాయి తీస్తుంటే ఇల్లంతా బెల్లం వాసన. గదిలోంచి కేక వచ్చింది.

"ఏమే, ఒకటి ఈడికి తెచ్చీ."

"నడిచొచ్చి తీసుకోండి సారూ."

"ఈ కారణం కూడా తప్పేలే. తెచ్చిపెట్టేవాళ్లు ఉంటే ఎవరూ లేయరు," అని పకపకా నవ్వారు.

ఎన్నాళ్లుగానో ఆపుకున్నది ఆ నవ్వుకు పొంగింది. రేపే సోమవారం, ఈ మనిషికి నవ్వెలా వస్తుంది? పొయ్యి ఆర్పేసి, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను.

"ఏమే," అని పిలిచారు. పలకలేదు. పెళ్లయిన నాటినుంచి ఆయన పిలిస్తే పలకకుండా ఉండింది లేదు. నిద్రలో పిలిచినా ఊఁ అంటాను, కోపంలో ఉంటే ఇంకా గట్టిగా అంటాను. మళ్లీ పిలిచారు. "సులోచనా, యాడుండావ్?" ఆ గొంతులో నవ్వు లేదు. అయినా నేను కదల్లేదు. ఆ తర్వాత పిలుపే ఆగిపోయింది.

ఏదో కింద పడ్డ చప్పుడుకు తల తిప్పి చూశాను. పెరటి తలుపు పట్టుకొని నిలబడి ఉన్నారు. చేతిలో వాకర్ లేదు. లుంగీ సగం జారింది, ముఖం నిండా చెమట. దారిలో స్టూలు ఒకటి పడేసినట్టున్నారు. పరుగెత్తుకెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. పడిపోయుంటే ఏం గతి, ఆ వాకర్ ఎవరికోసం తెచ్చినట్టని అడిగాను. తిట్లు అయిపోయాక కళ్లు తుడుచుకొని నా ఎగతాళి మళ్లీ వెతుక్కున్నాను.

"ఇంతకూ ఎందుకు లేచినారు సారూ? అరిసెల కోసమేనా?"

ఆయాసం తగ్గేదాకా నా ముఖంలోకే చూశారు.

"పిలిస్తే నువ్వు పలకలేదు," అన్నారు.

భుజం అందించాను. ఎప్పటిలా బరువు వేయలేదు, ఊరికే చేయి పెట్టి వంటింటిదాకా నడిచారు.