నూట ఇరవై కుర్చీలకు నేనే మచ్చు

నేను ఒక టేకు కుర్చీని. చేతులున్న రకం, పేము అల్లిన సీటు. కామర్సు చదివే పిల్లలు 'నమూనాను బట్టి అమ్మకం' అనే పాఠాన్ని పరీక్షకు ముందు రోజు చదువుతారు. నేను దాన్ని తొమ్మిదేళ్లు అనుభవించాను. అందుకని మీ లెక్చరరు మాట కంటే నా మాట కొంచెం శ్రద్ధగా వినండి.

నన్ను చేసినవాడు లక్కోజు భద్రాచారి. కాలవగట్టున రేకుల షెడ్డులో ఆయన పని. ఆ పట్నంలో సగం ఇళ్ల తలుపులు ఆయన చేతివే. కల్యాణ మండపం కడుతున్న కామరాజు గారు కుర్చీలు కావాలంటే, నన్ను చేసి ఆయన ముందు పెట్టాడు.

"ఇది మచ్చండి. ఇలాంటివి నూట ఇరవై చేసిస్తాను."

కామరాజు గారు నాలో కూర్చుని, వెనక్కి వాలి, అటూ ఇటూ ఊగి చూశారు. "ఇలాగే ఉండాలి ఆచారీ. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అని బయానా ఇచ్చి, నన్ను మచ్చుగా తీసుకుపోయారు. ఆచారి అన్నది ప్రతిపాదన, కామరాజు గారు అన్నది అంగీకారం, మధ్యలో చేతులు మారింది ప్రతిఫలం. మూడూ కలిస్తే ఒప్పందం. నోటిమాటైనా చెల్లుతుంది. కాకపోతే రుజువు చేసుకునే ఖర్మ మీది.

ఐదు నెలల్లో కుర్చీలన్నీ తయారయ్యాయి. ఈలోగా ఊళ్లోకి ప్లాస్టిక్ కుర్చీల లారీ దిగింది. ఒకదానిలో ఒకటి దూరిపోయి మూలన ఒదిగే ఆ జాతిని చూసి కామరాజు గారికి మనసు మారింది. మనసు మారిందని ఒప్పుకుంటే ఒప్పంద భంగం అవుతుంది. అందుకని "మచ్చులా లేవు, కర్ర మార్చేశాడు" అన్నారు. కుర్చీలు షెడ్డుకు తిరిగొచ్చాయి. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తరవాత భద్రాచారి దగ్గరికి ఒక్కరూ గుమ్మం పని తేలేదు. ఆయన్ని కోర్టు దాకా నడిపించింది ఆ మాటే.

పాపం, ముందు పోలీసు స్టేషనుకు వెళ్లాడు.

"కొట్టాడా?" అన్నాడు అక్కడి రైటరు.

"లేదండి."

"ఏమన్నా ఎత్తుకుపోయాడా?"

"లేదండి. మాట తప్పాడండి."

"మాట తప్పితే సివిలు. ప్లీడరు దగ్గరికెళ్లు."

క్రిమినల్ అయితే ప్రభుత్వమే మీ తరఫున కేసు నడుపుతుంది. సివిల్ అయితే మీ చెప్పులు మీరే అరగదీసుకోవాలి. అలా మున్సిఫు కోర్టులో భద్రాచారి వాది, కామరాజు గారు ప్రతివాది, వాళ్ల మధ్య నేను వస్తు సాక్ష్యం. నన్ను రప్పించి, చేతికి చీటీ కట్టి, లక్క ముద్ర వేశారు. ఆ రోజు నా గర్వం ఇంతా అంతా కాదు. షెడ్డులోని కుర్చీల్ని నా పక్కన నిలబెడితే చాలు, నిజం తేలిపోతుందనుకున్నాను.

ఆ వారమే బెంచి క్లర్కు సన్యాసిరావు గారి కుర్చీ కాలు విరిగింది. కొత్తదాని కోసం జిల్లా కోర్టుకు కాగితం పెట్టి, "అది వచ్చేదాకా" అంటూ ఆయన నాలో కూర్చున్నారు. ఇక వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి ప్రతివాది ప్లీడరుకు జ్వరం, ఒకసారి వాది ప్లీడరు ఇంట్లో పెళ్లి, ఒకసారి జడ్జి గారికే బదిలీ. ప్రతిసారీ నాలో కూర్చుని సన్యాసిరావు గారే భద్రాచారి పేరు పిలిచి, తారీకు చెప్పి పంపేవారు.

"మచ్చు మీద కూర్చుంటే ఎలాగండి?" అని ఆచారి తన ప్లీడరును అడిగాడు.

"బెంచి క్లర్కుతో పెట్టుకుంటే నీ కేసు కట్ట అడుక్కి పోతుంది. ఊరుకో" అన్నాడాయన.

ఊరుకున్నారు. నా పేము జారిపోతే పైన పలక కొట్టారు. ఎడమ చెయ్యి ఊడితే ఏదో పాకింగు పెట్టె చెక్క బిగించారు. వెనక కాలు ఒకటి విరిగితే తుమ్మకర్రది వేశారు. ఎవరో తనిఖీకి వస్తున్నారని కోర్టు సామానంతటికీ నీలం రంగు పూసిన ఏడు, నన్నూ వదల్లేదు.

తొమ్మిదో ఏట హైమవతి గారని కొత్త జడ్జి వచ్చారు. మచ్చునూ సరుకునూ పక్కపక్కన పెట్టమన్నారు. షెడ్డు నుంచి రెండు కుర్చీలు వచ్చాయి, నిన్నో మొన్నో చేసినట్టున్నాయి. "మచ్చు ఏదీ?" అని అడిగారు. అటెండరు రికార్డు గదికి పరిగెత్తాడు. సన్యాసిరావు గారు మెల్లగా లేచి నిలబడి, "ఇదేనండి" అన్నారు.

"చూడండి మేడమ్, మచ్చుకీ సరుకుకీ ఎక్కడా పోలిక లేదు. మేం మొదట్నించీ చెప్తున్నది అదే" అన్నాడు కామరాజు గారి ప్లీడరు. తొమ్మిదేళ్లలో ఆయన చెప్పిన మొదటి నిజం అది.

నన్ను చేసింది తనేనా అని జడ్జి గారు భద్రాచారిని అడిగారు. ఆయన ప్లీడరు అవుననేయమని కళ్లతోనే బతిమాలాడు. ఆచారి నన్ను తడిమి చూశాడు.

"ఈ చెయ్యి నాది కాదండి. ఈ కాలూ కాదండి. మిగిలింది నాదే."

నాకు ఏడుపొచ్చింది. మచ్చు అసలు స్థితిలో లేనందున పోల్చడం సాధ్యం కాదని, రుజువు భారం వాదిదేనని, దావా కొట్టేశారు. మచ్చుకు ఆ గతి ఎందుకు పట్టిందో తీర్పులో లేదు, ఎవరూ అడగలేదు కనక. జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజుల గడువుందని ప్లీడరు చెప్పాడు. "ఇంకో తొమ్మిదేళ్లు నా దగ్గర లేవండి" అన్నాడు ఆచారి.

ఆ ముప్పై రోజుల్లోనే జిల్లా కోర్టు నుంచి జవాబొచ్చింది. నా తీర్పు గురించి కాదు, సన్యాసిరావు గారి కుర్చీ గురించి. స్థానికంగా నాలుగు కొనుక్కోవచ్చునట, మచ్చు చూసి మరీ కొనవలెనట. ఆయన ఆచారికి కబురు పెట్టారు.

"ఇన్నేళ్లు దీంట్లో కూర్చున్నానండి. ఇంకో కుర్చీ నా నడుముకి పడదు. మీ షెడ్డులోవి నాలుగు ఇప్పించండి."

"ఈ ముక్క అప్పుడు చెప్పలేదేంటండి?" అన్నాడు ఆచారి.

"నేను సాక్షిని కాదు కదండీ" అన్నారు సన్యాసిరావు గారు, తల దించుకుని.

నాలుగు కుర్చీలు వచ్చాయి. సన్యాసిరావు గారు నా కుడి చెయ్యినీ వీపునూ వాటితో పోల్చి చూసి, "మచ్చుకు సరిపోయాయి, లోపం లేదు" అని రసీదు రాశారు. నియమం ప్రకారం దాని కింద హైమవతి గారు సంతకం చేశారు. గుండ్రటి కోర్టు ముద్ర పడింది.

భద్రాచారి ఆ రసీదును రెండుసార్లు చదువుకున్నాడు. బిల్లు మాట ఎత్తలేదు.

"దీనికి ఇంకో నకలు ఇప్పిస్తారాండి? ఒకటి నా షెడ్డుకి. ఇంకోటి మండపం గుమ్మానికి అంటించాలి."