సగం కోడి పట్టే పొయ్యి

వీరబాబు చనిపోయిన రోజున ఇంట్లోంచి బయల్దేరింది పొయ్యి కొనడానికి. వంటింట్లో పెట్టుకునే పొయ్యి కాదు. జీపు వెనక తగిలించి అడవిదాకా లాక్కెళ్లే ఇల్లుబండిలో పెట్టుకునేది. అడుగున బొగ్గులు, పైన జాలీ, దాని మీద మాంసం. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఖమ్మం పోతున్న, వస్తవా?" అని భార్యను అడిగాడు. శ్యామల తొమ్మిదో తరగతి సైన్సు పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"నేనెందుకు? ఈసారన్నా పనికొచ్చేది తెండి," అంది.

వైరా రోడ్డులోని కొట్టులో రెండు పొయ్యిల ముందు నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. దవాఖానాకు చేర్చేసరికే అయిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు ఆమె చేతిలో ఎర్రపెన్ను ఉంది. దానికి మూత పెట్టి లేచింది. అంత మాట విని కూడా మూత పెట్టడం ఎలా గుర్తుందో తనకే అర్థం కాలేదు.

పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసీ చేసీ రిటైరైన మనిషి వీరబాబు. సైరన్ వినపడని చోట, అడవిలో నీళ్ల ఒడ్డున పడుకోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి. లారీ బాడీలు కట్టేవాళ్ల షెడ్డులో రోజులకు రోజులు కూర్చుని, రెండు చక్రాల మీద చిన్న ఇల్లు కట్టించుకున్నాడు. లోపల ఇద్దరికి పడక, మడతబల్ల, నీళ్ల డ్రమ్ము. వెనక తలుపు పైకి ఎత్తితే వంటకు చోటు. పిల్లల్లేని మనిషి ఆ బండిని పిల్లవాడికి స్నానం చేయించినట్టు కడిగేవాడు. శ్యామల దాన్ని డబ్బా అనేది. బండి అన్ని విధాలా తయారైంది గానీ వెనక వంటచోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఏ పొయ్యి పెట్టాలన్నది తేలలేదు. తేలనివ్వలేదు అంటే ఇంకొంచెం నిజం.

మొదట సూట్‌కేసులా మడిచేది తెప్పించాడు. అన్నగారి కుటుంబం భోజనానికి వచ్చిన రోజు దాన్ని వాకిట్లో వెలిగించాడు. పలచని రేకు వేడికి వంకరపోయి, బొగ్గులు ఒక పక్కకు దొర్లాయి. "ఇది పొయ్యా, పెన్సిళ్ల డబ్బానా?" అంది శ్యామల. అందరూ నవ్వారు. వీరబాబూ నవ్వాడు. తర్వాత చిన్న సిలిండరుతో నడిచే గ్యాసుది తెచ్చాడు. అడవికి పోయే చర్ల దారి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అక్కడ కొన్నేళ్లు పాఠం చెప్పింది. "ఆ గుంతల్లో ఈ పైపు ఊడదని రాసిస్తారా? గ్యాసు పక్కన పెట్టుకుని నేను పడుకోను," అంది. అదీ వెనక్కి పోయింది. మూడోది పోత ఇనుముది, గట్టిది. ఆటోలోంచి దించి మెట్టుదాకా మోసుకొచ్చి, అక్కడే కూలబడి చాలాసేపు మాట్లాడలేదు. అలిగాడనుకుంది. "మీరు మొయ్యలేరు, నేను మొయ్యను. ఇక దేనికది?" అంది.

ఆమె చెప్పినవాటిలో తప్పు ఒక్కటీ లేదు.

మూడోరోజు పిట్టకు పెట్టారు. కోడికూర, చేపల పులుసు, గారెలు, ఆయన ఇష్టపడేవన్నీ విస్తట్లో వడ్డించి గోడ మీద ఉంచి, అందరూ దూరంగా నిలబడ్డారు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. కుసుమంచి నుంచి వచ్చిన వీరబాబు అన్న చెంచురామయ్య ఆకాశం వైపు చేతులు జోడించాడు.

"తమ్మీ, ఏం తక్కువైందిరా? చెప్పు, ఇప్పుడే తెప్పిస్త."

కాకి కరెంటు తీగ మీద కూర్చుని అటు చూసింది, ఇటు చూసింది.

"మందు పొయ్యలే గదా," అన్నాడు ఎవరో. గ్లాసు తెచ్చి పెట్టారు. "బీడీ పెట్టున్రి." బీడీ పెట్టారు. కాకి లేచిపోయింది. ఎండ నెత్తికెక్కింది. లోపల అన్నం గడ్డకట్టి చల్లారిపోతోంది.

"మీకెవలికి తెల్వదా ఏంది?" చెంచురామయ్య భార్య పద్మావతమ్మ కొంగు నడుముకు చుట్టింది. "పొయ్యి! పొయ్యి కొనవోయి పోయిండు గద మనిషి. మూడు తెస్తె మూడిట్లకు వంక వెట్టె. ఆయన పానం ఇంకా ఆ పొయ్యి మీదనే ఉంది."

"అక్కా, ఇంతమంది మూగితే కాకి దిగదు. అది బెదురుతుంది," అంది శ్యామల మెల్లగా.

"మాకు పాఠం చెప్పకు టీచరమ్మా. ఆయనకు చెప్పింది సాల్లేదా?"

పద్మావతమ్మను ఎవరూ వారించలేదు. అంటే అందరూ ఆ మాటే అన్నట్టు. చివరికి విస్తట్లోని గారెలు ఆవుకు పెట్టి, ఆ పూటకు అయిందనిపించారు. తింటూ తింటూనే చెంచురామయ్య తీర్మానం చేశాడు: పెద్దకర్మ కిన్నెరసాని ఒడ్డున, ఇల్లుబండి దగ్గర. తమ్ముడు మెచ్చిన పొయ్యి మీద కోడిని కాల్చి పెట్టాలి. వేరేది తెస్తే పిట్ట ముట్టదు. ఏది మెచ్చాడో కొట్టువాణ్ణి అడిగి అదే తేవాలి.

"ఎవలు తేవాలె?" అన్నాడు ఆయన కొడుకు వెంకటకృష్ణ.

"ఎవలు వద్దన్నరో వాళ్లే తేవాలె," అంది పద్మావతమ్మ. "పెద్దకర్మ గాకముందు గడప దాటొద్దంటరు గని, మొగని కోరిక కోసం దాటితె పాపం లేదు."

వెంకటకృష్ణే జీపు నడిపాడు. తలకొరివి పెట్టింది అతనే కాబట్టి గుండు మీద రుమాలు కట్టుకున్నాడు. ఏన్కూరు దాటాక, "చిన్నమ్మా, బండికి టైర్లు కొత్తయేనా?" అని అడిగాడు.

"కొత్తవే."

"అనుకున్న. చిన్నాయిన ఏది చేసినా పక్కా చేస్తడు." గేరు మార్చి, "ఆడోళ్లు ఒక్కలే దాన్ని లాగుడు కష్టం గదా," అన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కొట్టు ముందు అతను ఫోన్ మాట్లాడుతూ బయటే ఉండిపోయాడు. లోపల కుక్కర్లు, మిక్సీలు దాటాక ఒక మూల గుడారాలు, మడతకుర్చీలు, గ్రిల్లులు ఉన్నాయి. యజమాని సమ్మయ్య లెక్క చూసుకుంటున్నాడు.

"వీరబాబు గారి ఇంటి నుంచి వచ్చాను," అంది శ్యామల.

సమ్మయ్య గబుక్కున లేచాడు. "అయ్యో! సార్ చెల్లెలా అమ్మా? ముక్కు అచ్చం సార్ లెక్కనే ఉంది."

ఆమె నుదుట బొట్టు ఇంకా ఉంది. అవుననలేదు, కాదనలేదు.

"ఇగో, గీ జాగలనే. పసుపునీళ్లు చల్లిచ్చిన. ఆ రోజంతా గిరాకీ లేదు గని, మనిషి కంటె ఎక్కువనా అమ్మా." అతను కిందికి వంగి రెండు పొయ్యిలు ముందుకు జరిపాడు. ఒకటి పెద్దది, పెట్టెలా ఉంది, నాలుగు కాళ్లు, రెండు జాలీలు. రెండోది గుండ్రంగా, పాలక్యానులా చిన్నది, పైన కడియం పిడి.

"ఆయన ఏది తీసుకుందామనుకున్నారు?"

"అనుకునుడేంది, ఖాయం జేసిండు. గీ చిన్నది. చూడున్రి, మూతకు కొక్కేలున్నయి. ఎంత గుంతల రోడ్డైనా సప్పుడు చెయ్యదు. అడుగున బూడిద గిన్నె. ఒక్క రవ్వ కింద వడదు, అడివిల గదే ముఖ్యం అన్నడు సార్. రేకు మందం. పట్టుకోండ్రి, పట్టుకోండ్రి, ఎంత అలకగున్నదో."

పట్టుకుంది. మూత తీసి పెట్టింది. కొక్కెం లాగి చూసింది. రేకును గోటితో కొట్టి చూసింది. గ్యాసు లేదు, బరువు లేదు, వంకర పోదు. తను అన్న ప్రతి మాటకూ ఇందులో జవాబు ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఇందులో ఎంత పడుతుంది?"

"సగం కోడి."

"సగమేనా?"

"నేను సుత గదే అడిగిన. మేడం గూడ వస్తె పెద్దది గావాలె గద సార్ అన్న. 'ఆమె రాదు సమ్మయ్యా. వచ్చినా తినదు. తిన్నా మార్కులేస్తది' అన్నడు." సమ్మయ్యకు ఇప్పుడు కూడా నవ్వొచ్చింది; ఆపుకున్నాడు. "బాగ నవ్విండమ్మా. నవ్వుకుంట నవ్వుకుంట దీని మీద చెయ్యేసి వంగిండు. నేను సుత నవ్విన. గింత నవ్వు ఏంది సార్ అంటున్న. గప్పటికే అయిపోయినట్టుంది."

శ్యామల మూతను దాని చోట పెట్టింది. కొక్కెం సరిగా పడిందో లేదో చూసింది.

"మేడం ఎట్లున్నదమ్మా?" అన్నాడు సమ్మయ్య. "తట్టుకున్నదా?"

"ఉంది."

"మరి ఇది కట్టియ్యమంటరా?"

బయట వెంకటకృష్ణ ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నాడు. ఈ చిన్నదాన్ని తీసుకెళ్లి వాకిట్లో దించితే ఏమవుతుందో ఆమెకు కనిపించింది. పద్మావతమ్మ మూత తీసి లోపలికి తొంగిచూస్తుంది. ఒక్కడికేనా, అంటుంది. అందరికీ వినపడేలా అంటుంది.

"పెద్దది ఇవ్వండి," అంది శ్యామల.

"సార్ మెచ్చింది గిది గదమ్మా."

"పెద్దదే."

"దీన్నేం జెయ్యాలె మరి? సార్ కోసమని పక్కకు వెట్టిన. పోయినోళ్ల చెయ్యి వడ్డదంటె ఎవలు కొంటరు?"

"ఉంచండి. వచ్చి తీసుకుంటాను."

పెద్దకర్మ నాడు తెల్లవారుతుండగానే కిన్నెరసాని నీళ్లలో నిలబెట్టి ఆమె గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. గాజుముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర కొంచెం రక్తం వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆమెతో సహా.

ఇల్లుబండి వెనక తలుపు ఎత్తి, పెద్ద పొయ్యిని దాని చోట పెట్టారు. కొలిచి చేయించినట్టు సరిపోయింది. వెంకటకృష్ణ బొగ్గులు రాజేసి, జాలీలు తిప్పి తిప్పి చూశాడు.

"మస్తుంది చిన్నమ్మా! చిన్నాయిన సెలక్షన్ అంటె సెలక్షన్."

పద్మావతమ్మ కళ్లొత్తుకుంది. "చూసిన్రా? ఇద్దరికి సరిపొయ్యేదే చూసుకున్నడు పిచ్చోడు. శ్యామల ఎన్ని మాటలన్నా, దీన్ని విడిచి ఒక్క ముక్క తినెటోడు గాదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవ్ అవ్ అన్నారు. ఒకామె శ్యామల భుజం నిమిరింది. ఏ మాట కోసం పెద్దది కొన్నదో ఆ మాట దొరికింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

కోడి కాలింది. విస్తరి బండ మీద పెట్టి అందరూ వెనక్కి జరిగారు. ఈసారి కాకి వచ్చింది. ఇల్లుబండి పైకప్పు మీద వాలింది. బండ మీదికి దిగింది. రెండు గెంతులు గెంతి విస్తరి అంచుదాకా వచ్చింది. అది మెడ వంచి మాంసాన్ని చూసి, మళ్లీ పైకప్పు మీదికి పోయి కూర్చుంది.

"తమ్మీ! నువ్వు మెచ్చిన పొయ్యే గదరా! ఇంకేంది?" చెంచురామయ్య మళ్లీ చేతులు జోడించాడు. "బండి గురించా? వెంకటకృష్ణ చూసుకుంటడు. నీ కొడుకసుంటోడు. ముట్టు తమ్మీ."

కాకి కదలలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలు పొద్దున్నుంచి వట్టి మంచినీళ్ల మీద ఉన్నారు. ఒకాయన షుగర్ మనిషి; చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "జల్దీ ఏదో ఒకటి చెప్పున్రి, పానాలు పోతున్నయి," అన్నాడు. అందరి చూపులూ ఒక్కచోటికే తిరిగాయి.

"నువ్వు చెప్పవే," అంది పద్మావతమ్మ. "నీ నోట్ల మాట కోసమే చూస్తున్నడు."

శ్యామల బండ దగ్గరికి నడిచింది. జనాన్ని చూసి కాకి బెదురుతుందనీ, వేడి మాంసం ముట్టదనీ ఆమెకు తెలుసు. పిల్లలకు చెప్పే విషయమే. అయినా కాకి మీంచి చూపు తిప్పలేకపోయింది. చెప్పాల్సింది ఒక్కటే: ఇది మీరు మెచ్చింది కాదు, అది అక్కడే ఉంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. వెనక అందరూ వింటున్నారు.

"వస్తాను," అంది. "ఈసారి మీతో వస్తాను."

ఆడవాళ్లు భోరుమన్నారు. కాకి లేచి, కిన్నెరసాని మీదుగా అవతలి గట్టు వైపు ఎగిరిపోయింది. అది కనపడకుండా పోయేదాకా అందరూ చూశారు. ఆ చూపులు అటు ఉండగానే, తుప్పల్లోంచి కుక్క ఒకటి వచ్చి విస్తరిని నోట కరుచుకుని లాక్కుపోయింది.

ఆడవాళ్ల ఏడుపు ఆగింది.

"ముట్టింది," అన్నాడు షుగర్ మనిషి. "ఏదో ఒక జీవి ముట్టింది గదా."

"కుక్క గూడ జీవే," అన్నాడు చెంచురామయ్య. "లెవ్వున్రి, విస్తర్లు వెయ్యిన్రి."

అందరూ తిన్నారు. పెద్ద పొయ్యి మీద కాల్చింది చాలక ఇంకో రెండు వాయిలు కాల్చారు. రుచి బాగుందన్నారు.

సాయంత్రం వెంకటకృష్ణ ఇల్లుబండిని జీపుకు తగిలించాడు, పొయ్యితో సహా. "వాన వడితె తడుస్తది చిన్నమ్మా, మా షెడ్డుల పెడత," అన్నాడు. పద్మావతమ్మ జీపెక్కుతూ వెనక్కి తిరిగింది.

"మాటిచ్చినవ్ గద, ఎప్పుడు పోవాలనిపిస్తె అప్పుడు చెప్పు. పిల్లగాడు తీస్కపోతడు."

శ్యామల తలూపింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. ఆ బండిలో ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు.

తర్వాత బడికి వెళ్లింది. సగంలో ఆపిన పేపర్లు దిద్ది ఇచ్చేసింది. ఒకరోజు వీరబాబు ఫోన్ మోగింది. దాన్ని ఆమె ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉంది.

"సార్ చెల్లెలా అమ్మా? సమ్మయ్యను. ఆ చిన్న పొయ్యి గిట్లనే ఉంది. తీస్కపోతనన్నరు."

"అవును. వస్తాను."

"మేడమెట్లున్నదమ్మా?"

"ఉంది," అంది.

పొయ్యి ఆ కొట్టులోనే, కింది అరలో ఉంది. ఆమె ఇంకా వెళ్లి తెచ్చుకోలేదు.