శాంతిరాజు మోకాళ్లు

కోలారు బంగారు గనుల దగ్గర, చాంపియన్ రీఫ్స్‌లో కార్మికుల లైన్ ఇంట్లో రోజూ మధ్యాహ్నం షిఫ్టు విడిచే వేళకి అంతోనమ్మ కాఫీ కలుపుతుంది. మూసేసిన గనిలోంచి ఆమె భర్త శాంతిరాజు పైకొచ్చి, నల్లగొడుగు వేసుకుని నడిచి, వాకిట్లో బూట్లు విడిచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఆయన గని దుమ్ముకి దగ్గి దగ్గి చనిపోయి చాలా ఏళ్లయింది.

"చచ్చినా షిఫ్టు మారలే ఈయనకి," అంటుంది అంతోనమ్మ, గ్లాసు అందిస్తూ.

ఆయనకి ఎండ పడదు. తగిలిన చోటల్లా కరిగిపోతాడు. అందుకే మనవరాలు ప్రిన్సీ, కోలారులో తాను పనిచేసే కంపెనీ నుంచి రంగు మారే అద్దం తెచ్చి కిటికీకి బిగించింది. దాని సంగతి చెప్తాను. రెండు అద్దాల నడుమ కరెంటు పారే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మీట నొక్కితే నీలమవుతుంది, మళ్లీ నొక్కితే తేటపడుతుంది. మారిన ప్రతిసారీ ఆ పొర కాస్త ఉబ్బి, కాస్త కుంగుతుంది, మన ఊపిరితిత్తుల్లాగే. ఎండలో తొందరగా అలసిపోతుంది.

ఈ చివరి మాట ప్రిన్సీకి తెలుసు. చల్లటి గదిలో పరీక్షించి, ఏళ్లతరబడి నిలుస్తుందని చెప్పింది ఆమే. ఎండలో పెట్టిన ముక్క పాడైందని మాత్రం చెప్పలేదు. ఆ మాట నమ్మి ఒక కంటి ఆసుపత్రివాళ్లు, ఆపరేషన్ అయినవాళ్ల వార్డుకి ఈ అద్దాలే అడిగారు. సోమవారం బిగిస్తారు.

శనివారం ప్రిన్సీ మీట నొక్కితే అద్దం పైసగమే నీలమైంది. కిందినుంచి ఎండ వచ్చి తాత ఒళ్లో పడింది. మోకాళ్లు కనబడకుండా పోయాయి.

"తాతా, నొప్పిగా ఉండాదా?"

"లేదమ్మా." ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఆసుపత్రోళ్లకి ఇంగా మంచిది ఇస్తారు కదా."

ప్రిన్సీ తల దించుకుంది. "అదీ ఇదే తాతా. నాకు ముందే తెలుసు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన దగ్గు ఆపుకొని, మెల్లిగా అన్నాడు. "గనిలో దుమ్ముతో ఏమీ కాదని మాకూ చెప్పినారమ్మా. చెప్పినాయన మంచోడే."

ప్రిన్సీ వాకిట్లోకి పోయి మేనేజరుకి ఫోన్ చేసింది. "సార్, సోమవారం బిగించొద్దండి. ఎండకి నిలవదు. నేనే దాచిపెట్టినాను."

మేనేజరు వెంటనే అన్నాడు, "అయితే సోమవారం నువ్వూ రావద్దు."

లోపల అంతోనమ్మ కిటికీకి పాత కంబళి కట్టేసింది. చీకట్లో తాత మోకాళ్లు తిరిగొచ్చాయి.

"రామ్మా, కాఫీ ఆరిపోతాది," అన్నాడాయన.

ప్రిన్సీ లోపలికి వచ్చింది కానీ ఆయన మొహం చూడలేకపోయింది. వాకిట్లోంచి తెచ్చిన ఆయన బూట్లు ఒళ్లో పెట్టుకుని, కొంగుతో దుమ్ము తుడవసాగింది.