తెరమీద లేని పడవలు

విక్టోరియా సరస్సు ఒడ్డున, కిసుము రేవులోని సహాయ కేంద్రంలో, నీళ్ళమీదున్న ప్రతి పడవనూ చుక్కగా చూపే తెర ఖాళీగా ఉంది. సరస్సు మీద గాలి లేచింది. పడవలన్నీ ఒడ్డు చేరాయనుకుని రక్షక బోటు కెప్టెన్ ఇంజను ఆపబోతున్నాడు.

ఆ కేంద్రంలో ప్రోగ్రాములు రాసే అవువోర్ తెర దగ్గరికి జరిగింది. తమ్ముడు ఓకెయో పొద్దున కొత్త మోటారు పడవలో చేపల వేటకెళ్ళాడు, ఇంకా రాలేదు. మరి తెరమీద వాడి చుక్కేది?

ఇంజను ఆపొద్దని కెప్టెన్‌కి కేకేసి, తెరను నడిపే ప్రోగ్రాము కోడు తెరిచింది. తప్పు కనిపించింది. తనదే. ఈ ప్రోగ్రాములో 'పడవ' అనే తల్లి క్లాసును, అంటే పడవలన్నిటికీ మూల నమూనాను, కేంద్రంలో అందరికంటే పెద్దదీ తను అక్కా అని పిలిచేదీ అయిన న్యాగుడి ఏళ్ళ క్రితం రాసింది. అందులోని 'బయలుదేరు' మెథడ్, అంటే పడవ బయలుదేరగానే నడిచే ఆదేశాల వరస, పడవను తెరమీదికి ఎక్కించి, దాని సిగ్నల్ వినడం మొదలుపెడుతుంది. మోటారు పడవల కోసం అవువోర్ ఆ తల్లి నుంచి పుట్టే పిల్ల క్లాసు రాసి, దానికి సొంత 'బయలుదేరు' పెట్టింది. ఇంజనును కేంద్రం నుంచే ఒకసారి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసి చూసే పరీక్ష అది. పిల్ల తన మెథడ్ రాసుకుంటే తల్లిది దానంతటది నడవదు, పిలవాలి. ఆ పిలిచే లైను రాయడం ఆమె మరిచిపోయింది.

ఇప్పుడా లైను చేర్చి, మోటారు పడవలన్నిటికీ తన మెథడ్‌ను మళ్ళీ నడపబోయింది. న్యాగుడి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగు పిల్లా. నీ మెథడ్ మళ్ళీ నడిస్తే ఇంజన్లు ఆగుతాయి. ఈ అలల్లో ఆగితే మళ్ళీ స్టార్టవుతాయా?"

అవువోర్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అయితే అక్క మెథడ్‌లోని లైన్లు తన దాంట్లోకి కాపీ చేస్తానంది.

"కాపీ కొడితే, రేపు నేను మార్చినప్పుడు నీ దగ్గర పాతదే మిగులుతుంది. ఇంట్లో పెద్దదాన్ని ఉండగా పిలవడానికి సిగ్గా నీకు?"

న్యాగుడి కుర్చీ లాక్కుంది. నడుస్తున్న ప్రోగ్రాములోకే దిగి, పిల్ల క్లాసును పక్కకు పెట్టి, తల్లి క్లాసును పేరు పెట్టి పిలిచింది. దాని 'బయలుదేరు'కు మోటారు పడవలను ఒక్కొక్కటే అందించింది. ఇంజన్ల జోలికి పోలేదు.

తెరమీద చుక్కలు మొలిచాయి, చాలావరకు ఒడ్డు దగ్గరే. దూరంగా ఒంటరిగా ఊగుతున్నది ఓకెయోది.

అవువోర్ నోరు తెరుచుకుని చూసింది. మోటారు పడవలే లేని రోజుల్లో రాసిన మెథడ్ అది. అయినా ఒక్క అక్షరం మార్చకుండా వాటన్నిటినీ తనలో కలుపుకుంది. ఇంత శుభ్రంగా రాయడం తనకెప్పుడు వస్తుందో అనుకుంది.

కెప్టెన్ బోటు దూసుకెళ్ళింది. చాలాసేపటికి రేడియోలో తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, వల పోయింది. పడవలో సగం నీళ్ళే. నేను మాత్రం ఉన్నాను."

అవువోర్ కళ్ళు తుడుచుకుంది. తన 'బయలుదేరు' తెరిచి, ఇంజను పరీక్షకు ముందు, మొట్టమొదటి లైనుగా తల్లి మెథడ్‌ను పిలిచింది. పక్కనే నిలబడి చూస్తున్న న్యాగుడి తలూపి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.