కళ్ళు మూసుకుని ఎత్తిన చేతులు

ఆ లాండ్రీకి యజమాని లేడు. ఒకప్పుడు ఉండేవాడు. నష్టాలొచ్చేసరికి ఓ రోజు తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. మెషిన్లు తుక్కుకింద పోకముందే అక్కడ పనిచేసేవాళ్ళంతా కూడబలుక్కుని, మేమే నడుపుకుంటామని పూనుకున్నారు. అప్పటినుంచి ఉతికేవాళ్ళూ, ఇస్త్రీ చేసేవాళ్ళూ, మడతలు పెట్టేవాళ్ళూ, చిరిగినవి కుట్టేవాళ్ళూ అందరూ సమానమే. మనిషికో ఓటు. వినడానికి ఎంత బాగుంటుందో, చేసిచూస్తే అంత తలనొప్పి.

మొదటి సమావేశంలోనే ఆ తలనొప్పి మొదలైంది. చేతులెత్తమంటే అందరూ ముందు, అందరిలోకీ పెద్దవాడైన బాయిలర్ మామయ్య మొహం చూశారు. పాత యజమాని దగ్గర ఆయన మాటే వేదం మరి, ఆ భయం ఒక్కరోజులో పోతుందా. ఆయన తల గోక్కుందామని చెయ్యెత్తితే గదిలో సగం చేతులు లేచాయి. నవ్వుకున్నారు గానీ, అందరికీ కాస్త సిగ్గేసింది. యజమాని పోయినా యజమాని నీడ పోలేదని అర్థమైంది. అందుకని ఓ పద్ధతి పెట్టుకున్నారు. ఓటు వేసేటప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాలి. ఒక్కరు మాత్రం కళ్ళు తెరుచుకుని లెక్కపెట్టాలి. ఎవరు చెయ్యెత్తారో ఎవరు ఎత్తలేదో ఆ ఒక్కరి కడుపులోనే ఉండిపోవాలి.

ఆ ఒక్కరు పెద్దక్క. మడతల బల్ల దగ్గర పెద్ద దిక్కు. ఆవిడ అసలు పేరేమిటో చాలామంది మర్చిపోయారు. అక్కడే కుట్టుపని చేసే చెల్లెలు అక్కా అని పిలుస్తుంటే విని అందరూ పెద్దక్కా అనడం మొదలుపెట్టారు. మాట దాచడంలో ఆవిడంత మనిషి లేదు. బాయిలర్ మామయ్యకు వ్యతిరేకంగా సొంత మేనకోడలే చెయ్యెత్తిన రోజు కూడా, మర్నాడు ఆ ఇద్దరికీ ఒకే డబ్బాలోంచి టీ పోసి ఇచ్చింది, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా. లెక్క చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఓ గర్వం ఉండేది. ఉండదా మరి, అంతమంది కళ్ళు మూసుకుని తనను నమ్ముతుంటే.

ఇక ఆవిడ మరిది. చెల్లెలి మొగుడు. పెద్ద ఇస్త్రీ మెషిన్ మీద పని. అందరూ రేడియో అంటారు, నువ్వుగింజ నానని నోరు కాబట్టి. పనిలో వంక పెట్టడానికి లేదు, మాటల్లోనే అంతా వంకలు. ప్రతి సమావేశంలో ఏదో ఒక పుల్ల వేయందే ఆయనకు తోచదు. ఆ నోటివల్ల నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు, పళ్ళు కొరుక్కున్నవాళ్ళూ ఉన్నారు. పెద్దక్క రెండో రకం.

గొడవ ఆదివారం దగ్గర వచ్చింది. ఓ పెద్ద హోటల్ వాళ్ళు తమ దుప్పట్లన్నీ ఇస్తామన్నారు, కానీ సోమవారం తెల్లారేసరికి అందాలన్నారు. అంటే ఆదివారం పనిచెయ్యాలి. ఓటు పెడితే చాలామంది సరేనన్నారు. పెద్దక్క నిజమైన లెక్కే చెప్పింది. అందరూ వచ్చారు, రేడియో రాలేదు. రెండో ఆదివారమూ రాలేదు. ఇస్త్రీ మెషిన్ దగ్గర మనిషి తక్కువై మిగతావాళ్ళకు నడుములు పడిపోయాయి.

సమావేశంలో నిలదీశారు. గుడ్డల మూటలమీద, తిరగేసిన బుట్టలమీద అందరూ కూర్చుని ఉన్నారు. రేడియో మాత్రం లేచి నిలబడ్డాడు.

"మెషిన్ ఎప్పుడు తిప్పాలో, సబ్బు ఎక్కడ కొనాలో మీరంతా కలిసి చెప్పండి, తలొంచుకుని వింటా. నా ఆదివారం నేనేం చేసుకోవాలో చెప్పడానికి మీ చేతులెందుకు?" అన్నాడు.

"ఇంతకీ ఆదివారం నువ్వు చేసే ఘనకార్యం ఏమిటో?" అని ఎవరో అడిగారు.

"నిద్రపోతా."

కొందరు నవ్వారు. ఉతికే మెషిన్ల దగ్గరి నల్లకోటు మాత్రం నవ్వలేదు. ఎండాకాలంలో కూడా అదే కోటు వేసుకుంటాడు కాబట్టి ఆ పేరు. "నీ నిద్రకోసం మా నడుములు విరగాలా? పదిమంది మాటంటే లెక్కలేనివాడు మనలో ఎందుకు? పొమ్మనాలో వద్దో ఓటు పెట్టండి" అన్నాడు.

అంతవరకూ ఎవరినీ పొమ్మనలేదు. అయినా అడిగాక కాదనడానికి లేదు, పద్ధతి పద్ధతే. పెద్దక్క లేచి నిలబడింది. మరిది సంగతి నువ్వెలా లెక్కపెడతావని ఎవరూ అనలేదు. ఆవిడ మీద అంత నమ్మకం.

"పొమ్మనేవాళ్ళు చెయ్యెత్తండి" అంది.

కళ్ళు మూసుకున్నారు. చేతులు లేచాయి. ఏడు. గదిలో ఇరవైమందికి పైనే ఉన్నారు. తన ఓటు కలుపుకున్నా ఎనిమిది.

అక్కడితో అయిపోవలసింది. ఉండమన్నారు అంటే సరిపోయేది. కానీ ఆవిడ చూపు రేడియో మీద పడింది. ముందు వరసలో, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. పెదాలమీద చిన్న నవ్వు. తననెవరూ పొమ్మనరని తెలిసిన మనిషి నవ్వు. ఆ నవ్వు చూసేసరికి పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి ఇవాళ గెలిస్తే రేపటినుంచి చేతులెత్తడానికి విలువేముంటుంది, తలా ఓ ఆదివారం రామంటారు, లాండ్రీ మూతపడుతుంది అనుకుంది. ఇది అందరి మంచికే అని కూడా అనుకుంది. మనసు అలాంటి సమయంలో ఎంత చురుగ్గా పనిచేస్తుందో.

"పదమూడు. పొమ్మన్నారు" అంది.

అందరూ కళ్ళు తెరిచారు. ఎవరూ నోరు మెదపలేదు. నల్లకోటు కూడా తలెత్తి ఆశ్చర్యంగా చూసి, వెంటనే తలదించుకున్నాడు. రేడియో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత చెరిగిపోయింది. ఇస్త్రీ మెషిన్ దగ్గరికి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన తన చొక్కా తీసుకున్నాడు. వెళ్తూ, "లెక్క మీరు చెప్పారుగా వదినా, ఇంకేముంది" అన్నాడు. ఎద్దేవాగా అనలేదు. నిజంగానే అన్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో లాండ్రీలో వింతైన మర్యాద మొదలైంది. పెద్దక్క వస్తుంటే మాటలు ఆగిపోయేవి. కుర్చీ జరిపేవాళ్ళు. మునుపు లేని ఈ గౌరవం ఎందుకొచ్చిందో ఆవిడకు అర్థం కాలేదు. పక్కబల్ల దగ్గర చెల్లెలు చిరిగిన దిండు గలీబులు కుడుతూ ఉండేది. మొగుణ్ణి పొమ్మన్నా తను మానలేదు, ఇల్లు గడవాలి కదా. అక్కా దారం ఇవ్వు, అక్కా కత్తెర ఎక్కడ, అంతే మాట. ఆ "అక్కా" వినబడినప్పుడల్లా పెద్దక్కకు గుండెలో ముల్లు దిగేది. ఎవరికీ తెలియదులే అని సర్దిచెప్పుకోబోయింది. ఎవరికీ తెలియదన్న ఆ ఒక్క సంగతే ఆవిణ్ణి ఎక్కువ సిగ్గుపెట్టింది.

చివరికి తట్టుకోలేక, ఓ మధ్యాహ్నం బాయిలర్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. మామయ్య గొట్టం మూత బిగిస్తున్నాడు.

"మామయ్యా, ఆ రోజు నేను లెక్క తప్పు చెప్పాను. ఏడుగురే ఎత్తారు" అంది.

ఆయన మూత బిగించడం ఆపలేదు. "తెలుసమ్మాయ్" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఏడని. నేనూ చూశాగా."

"మీరు కళ్ళు మూసుకోలేదా?"

"ఎవరు మూసుకుంటారే? ఓరకంట అందరం చూస్తాం. మొదటినుంచీ అంతే. పక్కవాడు ఎత్తాడో లేదో చూడకుండా చెయ్యి లేస్తుందా ఎవరికైనా."

ఇన్నేళ్ళూ పెద్దక్క తన కడుపులో దాచుకున్న రహస్యాలన్నీ అందరికీ తెలిసినవే. డబ్బాలోంచి టీ పోస్తూ మొహంలో ఏమీ కనబడనివ్వని ఆ రోజు కూడా మామయ్యకు మేనకోడలి సంగతీ తెలుసన్నమాట.

"మరి ఆ రోజు ఒక్కరైనా అడగలేదేం?" గొంతు పెరిగింది. తప్పు తనదైనా కోపం వాళ్ళమీద వచ్చింది.

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఏమని అడగాలి? లెక్క తప్పంటే, నువ్వెలా చూశావంటారు. నేను కళ్ళు తెరిచానని ముందు ఒప్పుకోవాలి. అందరిలోకీ పెద్దవాణ్ణి. ఎవరో ఒకరు అంటారులే అనుకున్నా. అందరూ అలాగే అనుకున్నట్టున్నారు. తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం." ఆయన కూడా ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం పెద్దక్క చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే రెండుసార్లు వెనక్కి పోదామనిపించింది. రేడియో కిటికీ పక్కన బల్ల వేసుకుని చుట్టుపక్కలవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. చెల్లెలు నేలమీద కూర్చుని అవి మడతలు పెడుతోంది. రండి వదినా అన్నాడు, ఎప్పటిలాగే. కూర్చోకుండానే ఆవిడ అంతా చెప్పేసింది. లెక్క ఎంతో, తనేం చెప్పిందో. ఆ నవ్వు చూసి మండిపడిన సంగతి కూడా దాచలేదు.

రేడియో చొక్కా చేతులు సాగదీసి ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. "మీరు చాలా మంచివారు వదినా. చెల్లెలు బెంగపెట్టుకుందని నాకోసం ఇలా అబద్ధమాడుతున్నారు. నేను నొచ్చుకోలేదు. వాళ్ళకు నేనొద్దు, అంతే."

"అబద్ధం అప్పుడాడాను. ఇప్పుడు కాదు. కావాలంటే మామయ్యను అడుగు. అందరూ కళ్ళు తెరిచే ఉన్నారట."

"అందరూ చూసి అందరూ ఊరుకున్నారా? అదెక్కడైనా ఉంటుందా? మీ చెల్లెలు కూడా అక్కడే ఉందిగా. అది చూసి ఉంటే నాతో చెప్పకుండా ఉంటుందా?"

అని తేలిగ్గా భార్యవైపు తిరిగాడు. అప్పటిదాకా పెద్దక్కకు ఆ ఆలోచనే రాలేదు. చెల్లెలి చేతిలో మడత ఆగిపోయి ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను అనవే తల్లీ, అని పెద్దక్క లోలోపల బతిమాలుకుంది.

"చూశాను" అంది చెల్లెలు, తల ఎత్తకుండా.

రేడియో ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టాడు. "ఎన్ని?"

"ఏడు."

"మరి చెప్పలేదే?"

"అక్క చెబుతుందనుకున్నాను. ఆ పూట చెబుతుంది, మర్నాడు చెబుతుంది అనుకున్నా. రోజులు గడిచాక చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావని నువ్వడుగుతావుగా. ఇప్పుడు అడుగుతున్నట్టే."

"ఏడుగురే పొమ్మన్నారు" అని రేడియో తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. ఒక్క క్షణం మొహం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు పోయింది. "అంటే మిగతావాళ్ళు నేను ఉండాలనుకుని కూడా, నేను చొక్కా తీసుకుని వెళ్తుంటే చూస్తూ కూర్చున్నారు. నిజంగా కళ్ళు మూసుకున్నది నేనొక్కణ్ణే."

"రేపు అందరిముందూ ఒప్పుకుంటాను. నిన్ను మళ్ళీ రమ్మని ఓటు పెడతాను. అందరూ చేతులెత్తుతారు, చూడు" అంది పెద్దక్క.

"ఎత్తుతారు. నాకు తెలుసు." ఆయన ఇంకో చొక్కా తీసి బల్లమీద పరిచాడు. "నేను రాను వదినా. వద్దన్నారని అనుకున్నప్పుడే కాస్త బాగుండేది. దానికి ఎలాగో అలవాటుపడ్డాను."

అంతటి మాటకారి ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండునని పెద్దక్కకు అనిపించింది. తలుపు వైపు నడిచింది.

చెల్లెలు వెంట వచ్చింది. మెట్లమీద ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, కింద వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. మడతపెట్టని గుడ్డ ఒకటి ఇంకా చెల్లెలి భుజంమీదే ఉంది.

"రేపు నిజంగానే చెబుతావా అక్కా?"

"చెబుతాను."

చెల్లెలు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నేనూ చూశానని మాత్రం అక్కడ అనకు. రేపటినుంచీ వాళ్ళ మధ్యే కూర్చుని కుట్టుకోవాలి."

పెద్దక్క ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, "అననులే" అంది.